ఫ్లైట్ సిమ్యులేటర్‌లో ఫైటర్ విమానం: ఇంధనం ఖర్చు, ఎత్తెక్కే సత్తా కొలిచే పద్ధతి

ఫైటర్ ఎంత ఇంధనం తాగుతుందని అడిగితే చాలామంది ఆఫ్టర్‌బర్నర్ (ఇంజిన్ వెనక ఇంకా ఇంధనం మండించి బలం పెంచే ఏర్పాటు) వేసినప్పుడు గేజ్ మీద కనిపించిన అతి పెద్ద అంకె చెబుతారు. గంటకు 50,000 పౌండ్లు అనగానే వినేవాడికి గుండె జారుతుంది. కానీ ఆ అంకె ఒక్కదానితో ఏ నిర్ణయమూ తీసుకోలేం, ఎందుకంటే ఆ వేగంతో విమానం గంటసేపు ఎగరదు. ఒక్కో మీటరు ఎత్తు సంపాదించడానికి ఎన్ని కిలోలు పోశామన్నదే అసలు లెక్క. అది తెలిస్తే ఎక్కడ ఆఫ్టర్‌బర్నర్ వేయాలో, ఎక్కడ తీసేయాలో ఊహలతో పని లేకుండా చెప్పొచ్చు. డీసీఎస్, ఫాల్కన్ బీఎంఎస్, ఎక్స్‌-ప్లేన్, ఫ్లైట్‌గేర్, ఐఎల్‌-2, వార్ థండర్ ఏది ఆడినా కొలిచే పద్ధతి ఒకటే.

పరీక్షకు ముందు సర్దుకోవాల్సినవి

వాతావరణం ప్రామాణికంగా పెట్టండి: సముద్రమట్టం దగ్గర 15 డిగ్రీల సెల్సియస్, పీడనం 1013 హెక్టోపాస్కల్స్, అంటే 29.92 అంగుళాలు. గాలి సున్నా. చాలా మిషన్ ఎడిటర్లలో గాలిని మూడు నాలుగు ఎత్తుల్లో విడివిడిగా ఇవ్వాలి. కింద సున్నా పెట్టి పైన మరిచిపోతే 8,000 మీటర్ల దగ్గర లెక్కలన్నీ వంకర పోతాయి. అల్లకల్లోలం కూడా సున్నా చేయండి. టైమ్ యాక్సెలరేషన్ వాడకండి.

'అన్‌లిమిటెడ్ ఫ్యూయల్' తప్పనిసరిగా ఆఫ్‌లో ఉండాలి. ఎక్కే సత్తా మాత్రమే కొలుస్తున్నాం కదా, ఇంధనంతో పనేముందని ఆన్‌లో వదిలేస్తారు. అలా చేస్తే విమానం బరువు తగ్గదు. ఎఫ్‌-16సీ లోపలి ట్యాంకుల్లో సుమారు 7,000 పౌండ్లు పడుతుంది, ఖాళీ బరువు సుమారు 20,000 పౌండ్లు. ట్యాంకు నిండుగా ఉన్నప్పటి నుంచి 1,000 పౌండ్లు మిగిలేదాకా వస్తే మొత్తం బరువులో అయిదో వంతుకు పైగా తగ్గినట్టు. అదే థ్రస్ట్‌తో, అంటే ఇంజిన్ తోసే బలంతో, ఎక్కే రేటు పావు వంతుకు పైగా పెరుగుతుంది. అందుకే ప్రతి అంకె పక్కన ఆ క్షణంలో ఉన్న ఇంధనం రాసుకోవాలి. బరువు లేని ఎక్కే రేటు సగం సమాచారమే.

థ్రాటిల్ సంగతీ ముందే తేల్చుకోండి. మన చేతిలోని థ్రాటిల్‌కు ఉన్న గాటు, సిమ్యులేటర్ లోపల ఆఫ్టర్‌బర్నర్ మొదలయ్యే చోటు చాలాసార్లు ఒకచోట ఉండవు. మిలిటరీ పవర్ (ఆఫ్టర్‌బర్నర్ లేకుండా పూర్తి బలం) అనుకుని పెడతాం, లోపల ఆఫ్టర్‌బర్నర్ మొదటి మెట్టు అంటుకుని ఉంటుంది. నాజిల్ (ఇంజిన్ వెనక మూతి) గేజ్, ఫ్యూయల్ ఫ్లో (గంటకు తాగే ఇంధనం) రెండూ చూస్తూ థ్రాటిల్‌ను మెల్లగా తోయండి. ఫ్లో ఒక్కసారిగా ఎగిరి నాజిల్ తెరుచుకున్న చోటే హద్దు. దానికి రెండు శాతం కిందే మిలిటరీ పవర్ అని గుర్తు పెట్టుకోండి.

యూనిట్లు, గేజ్‌ల తీరు

అమెరికా విమానాలు పౌండ్లలో, రష్యా, ఫ్రాన్స్ విమానాలు ఎక్కువగా కిలోల్లో చూపిస్తాయి. మిగ్‌-21బిస్ లీటర్లలో, విగెన్ శాతంలో చూపిస్తుంది. జెట్ ఇంధనం లీటరుకు సుమారు 0.8 కిలో, అమెరికన్ గ్యాలన్‌కు సుమారు 6.7 పౌండ్లు. కాబట్టి 370 గ్యాలన్ల డ్రాప్ ట్యాంకు అంటే దాదాపు 2,480 పౌండ్లు. ఒక పౌండు 0.454 కిలో. సెకనుకు 1 మీటరు ఎక్కడం అంటే నిమిషానికి 197 అడుగులు.

మిగ్‌-21లోని గేజ్ ట్యాంకులో ఉన్నది కొలవదు. ఇంజిన్‌లోకి పోయినదాన్ని తీసివేసుకుంటూ పోయే కౌంటర్ అది. బయల్దేరేముందు నాబ్ తిప్పి అసలు ఇంధనాన్ని మనమే అందులో పెట్టాలి. పెట్టకపోతే పరీక్షంతా అబద్ధం. ఎఫ్‌/ఏ‌-18సీలో ఫ్లో ఒక్కో ఇంజిన్‌కు వేరుగా, వందల్లో కనిపిస్తుంది. 38, 39 అని ఉంటే మొత్తం గంటకు 7,700 పౌండ్లు.

తిన్నగా ఎగిరేటప్పుడు ఖర్చు

ముందు ఇది తేల్చాలి, ఎందుకంటే తర్వాత ఎక్కడం లెక్కలో ఇది కలుస్తుంది. ఎత్తు పట్టే ఆటోపైలట్ వేసి, వేగం రెండు మూడు నిమిషాలు కదలకుండా నిలిచాక మొదలుపెట్టండి. ఫ్లో గేజ్ అంకెను నమ్మి ఊరుకోకుండా, ట్యాంకులో తగ్గినదాన్ని సమయంతో భాగించి సరిచూడండి.

ఇక్కడ గేజ్ మెట్లు దెబ్బతీస్తాయి. ఎఫ్‌-16 టోటలైజర్ (మొత్తం ఇంధనం చూపే గేజ్) చివరి రెండు అంకెలు ఎప్పుడూ సున్నాలే, అది 100 పౌండ్ల చొప్పున దిగుతుంది. గంటకు 4,800 పౌండ్లు తాగే స్థితిలో రెండు నిమిషాలకు ఖర్చయ్యేది 160 పౌండ్లు. గేజ్ మాత్రం 100 తగ్గినట్టో 200 తగ్గినట్టో చూపిస్తుంది. దీనికి మంచి కిటుకు ఉంది: స్టాప్‌వాచ్‌ను మనకు తోచినప్పుడు కాకుండా అంకె మారే క్షణంలో నొక్కండి, ఇంకోసారి అంకె మారే క్షణంలోనే ఆపండి. ఎనిమిది మెట్లు దిగడానికి 600 సెకన్లు పట్టిందంటే 800 × 3600 ÷ 600 = గంటకు 4,800. మెట్ల వల్ల వచ్చే తప్పు దాదాపు పోతుంది.

అసలు వేగాన్ని ఫ్లోతో భాగిస్తే పౌండుకు ఎన్ని మైళ్లో వస్తుంది. 480 నాట్లకు 4,800 అంటే నాటికల్ మైలుకు 10 పౌండ్లు. ఇక్కడ ట్రూ ఎయిర్‌స్పీడ్, అంటే గాలిలో విమానం అసలు వేగం, వాడాలి. గాలి సున్నా కాబట్టి గ్రౌండ్ స్పీడ్ తీసుకున్నా అదే. ఇండికేటెడ్ (గేజ్ చూపే) వేగం వాడితే 20,000 అడుగుల దగ్గర అసలు వేగం దానికి సుమారు 1.35 రెట్లు ఉంటుంది, మూడో వంతు లెక్క తప్పుతుంది. 5,000, 15,000, 25,000, 35,000 అడుగుల దగ్గర మూడేసి వేగాలతో ఈ పట్టిక ఒకసారి తయారు చేసుకుంటే ఆ విమానానికి మళ్లీ చేయనక్కర్లేదు, ఫ్లైట్ మోడల్ అప్‌డేట్ వస్తే తప్ప.

ఎక్కే సత్తా: తిన్నగా వేగం పెంచి కొలవడం

బలం తక్కువున్న విమానాలకు పాత పద్ధతి రంపపు పళ్ల క్లైంబ్. ఒకే వేగం పట్టుకుని ఒక ఎత్తుకు 500 అడుగుల కింద నుంచి 500 అడుగుల పైకి ఎక్కే సమయం కొలుస్తారు, కిందికి దిగి ఇంకో వేగంతో మళ్లీ ఎక్కుతారు. ఫైటర్ జెట్ ఆ 1,000 అడుగులను అయిదారు సెకన్లలో దాటేస్తుంది, కొలవడానికి ఏమీ మిగలదు. దానికి తిన్నగా, అంటే ఎత్తు మారకుండా, వేగం పెంచే పద్ధతే సరైనది.

దీని వెనకున్న సూత్రం చిన్నది. థ్రస్ట్‌లోంచి డ్రాగ్ (గాలి నిరోధం) తీసేస్తే మిగిలేది అదనపు బలం. దాన్ని వేగంతో గుణించి బరువుతో భాగిస్తే మిగులు శక్తి రేటు. అది సెకనుకు ఇన్ని మీటర్లు అని వస్తుంది. ఆ మిగులును ఎత్తుగా మార్చుకోవచ్చు, వేగంగానైనా మార్చుకోవచ్చు. తిన్నగా ఎగిరితే మొత్తం వేగంలోకే పోతుంది కాబట్టి వేగం పెరిగిన తీరు చూసి మిగులు ఎంతో చెప్పొచ్చు. 1960లలో జాన్ బాయిడ్, థామస్ క్రిస్టీ ఫైటర్లను పోల్చడానికి ఈ మిగులు శక్తినే ఆధారం చేసుకున్నారు.

1. ఇంధనం సగం పెట్టి 6,000 మీటర్ల దగ్గర 0.5 మ్యాక్‌తో (ధ్వని వేగంలో సగంతో) నిలకడగా ఎగరండి.
2. థ్రాటిల్‌ను ఒక్క ఊపులో అనుకున్న చోటికి తోయండి. ఇంజిన్ పూర్తిగా అందుకునేదాకా, అంటే మొదటి నాలుగైదు సెకన్లు, లెక్కలోకి తీసుకోవద్దు.
3. ప్రతి రెండు సెకన్లకు ట్రూ ఎయిర్‌స్పీడ్, ఎత్తు, ఫ్లో, మిగిలిన ఇంధనం నమోదు కావాలి.
4. వేగం పెరగడం ఆగేదాకా వెళ్లండి. మూడుసార్లు చేయండి.

ఉదాహరణకు వేగం సెకనుకు 230 మీటర్ల నుంచి 240కి చేరడానికి 4 సెకన్లు పట్టింది. త్వరణం 2.5. మధ్య వేగం 235. 235 × 2.5 ÷ 9.81 = 60. అంటే ఆ వేగం దగ్గర విమానం సెకనుకు 60 మీటర్లు, నిమిషానికి 11,800 అడుగులు ఎక్కగలదు. ఇలా ఒక్కో వేగానికి లెక్కగట్టి గీత గీస్తే, శిఖరం ఎక్కడుందో అదే ఆ ఎత్తులో ఎక్కడానికి మంచి వేగం.

ఇక్కడ ఎత్తు మీద నుంచి కన్ను తప్పిపోకూడదు. ఆ 4 సెకన్లలో విమానం 30 మీటర్లు జారిందంటే, దానివల్లే సెకనుకు 1.3 మీటర్ల వేగం ఊరికే వస్తుంది. 10లో 1.3 అంటే 13 శాతం తప్పు. చేత్తో ఎత్తు సరిగ్గా పట్టలేకపోతే వేగం బదులు శక్తి ఎత్తు లెక్కించండి: ఎత్తు + (వేగం × వేగం ÷ 19.62). దాని మార్పును సమయంతో భాగిస్తే, జారినా ఎగసినా ఫలితం సరిగ్గా వస్తుంది.

ఈ శక్తి ఎత్తే ఇంకో భ్రమను కూడా వదిలిస్తుంది. సెకనుకు 300 మీటర్ల వేగంతో నేల మీదుగా వచ్చి ముక్కు పైకెత్తి, పైన 150కి తగ్గిపోతే, ఇంజిన్ ఏ సాయం చేయకపోయినా 3,400 మీటర్ల పైచిలుకు ఎత్తు వస్తుంది. అది క్లైంబ్ రేటు కాదు, దాచుకున్న వేగం ఖర్చు పెట్టుకోవడం. రెండు విమానాలను పోల్చేటప్పుడు మొదటి వేగం, చివరి వేగం రెండూ సమానంగా ఉండాలి.

కాక్‌పిట్‌లో కనిపించే రేటు ఎందుకు తక్కువ?

లెక్కలో 60 వచ్చింది, ఎక్కి చూస్తే 46 మాత్రమే కనిపిస్తుంది. సిమ్యులేటర్ తప్పని తిట్టేముందు ఒకటి చూడండి. ఇండికేటెడ్ వేగం స్థిరంగా పట్టి ఎక్కుతుంటే, గాలి పలచబడేకొద్దీ అసలు వేగం పెరుగుతూ ఉంటుంది. మిగులు శక్తిలో కొంత ఆ వేగానికి పోతుంది. 0.5 మ్యాక్ దగ్గర ఈ వాటా ఎనిమిదో వంతు లోపు. 0.85 మ్యాక్ దగ్గర పావు వంతు. అంటే లెక్కలోని మిగులును 1.33తో భాగిస్తే కనిపించే రేటు వస్తుంది. మ్యాక్ స్థిరంగా పట్టి ఎక్కితే దీనికి ఎదురు. 11 కిలోమీటర్ల దాకా పైకి పోయేకొద్దీ చలి పెరిగి ధ్వని వేగం తగ్గుతుంది కాబట్టి, అసలు వేగం కాస్త తగ్గి ఆ శక్తి ఎత్తుకు కలుస్తుంది.

అందుకే జెట్‌ను మొదట స్థిరమైన ఇండికేటెడ్ వేగంతో, తర్వాత స్థిరమైన మ్యాక్‌తో ఎక్కిస్తారు. మిలిటరీ పవర్‌కు 350 నాట్లు, తర్వాత 0.85 మ్యాక్ అన్నది మంచి మొదటి అంచనా. ఆ రెండూ కలిసేది సుమారు 26,500 అడుగుల దగ్గర. మీ గీతలోని శిఖరాలను బట్టి దాన్ని సవరించుకోండి. ముక్కును ఒక కోణంలో పెట్టేసి వదిలేయడం పద్ధతి కాదు, వేగాన్ని ముక్కుతో పట్టుకోవాలి. క్లైంబ్ మొదట్లో 4 జీ (బరువుకు నాలుగు రెట్ల బలం) లాగి నిలువుగా లేపితే ఆ రెండు మూడు సెకన్ల డ్రాగ్‌లోనే చాలా శక్తి పోతుంది. 1.5 నుంచి 2 జీ చాలు.

ఆఫ్టర్‌బర్నర్ ఎప్పుడు లాభం, ఎప్పుడు నష్టం

ఈ వ్యాసంలో అన్నిటికన్నా పనికొచ్చే లెక్క ఇదే. ఫ్లోను సెకనుకు కిలోల్లోకి మార్చి మిగులు శక్తి రేటుతో భాగించండి. ఒక మీటరు శక్తి ఎత్తుకు ఎన్ని కిలోలో వస్తుంది.

రెండు ఇంజిన్ల విమానం ఒకటి ఊహించుకుందాం. కింద, నేలకు దగ్గర్లో మిలిటరీ పవర్‌తో సెకనుకు 2.2 కిలోలు తాగి 60 మీటర్ల మిగులు ఇస్తోంది: మీటరుకు 0.037 కిలో. ఆఫ్టర్‌బర్నర్‌తో 9 కిలోలు, 180 మీటర్లు: 0.05. కింద మిలిటరీ పవరే చవక. అదే విమానం బరువైన బాంబులతో పైన 9,000 మీటర్ల దగ్గర మిలిటరీ పవర్‌తో కిలో తాగి 5 మీటర్లే ఇస్తోంది: 0.2. ఆఫ్టర్‌బర్నర్‌తో 4 కిలోలు, 60 మీటర్లు: 0.067. ఇక్కడ మూడో వంతు ఖర్చుతో పని అవుతుంది! ఇంధనం ఆదా చేస్తున్నామనుకుని పైన మిలిటరీ పవర్‌తో పాకుతూ ఉండేవాళ్లే ఎక్కువ పోగొట్టుకుంటారు. కారణం తేలికే: మిలిటరీ థ్రస్ట్ డ్రాగ్‌కే సరిపోతుంటే, తాగిన ఇంధనమంతా విమానాన్ని గాల్లో నిలబెట్టడానికే పోతుంది. ఆఫ్టర్‌బర్నర్ ఇచ్చే అదనపు థ్రస్ట్ మాత్రం పూర్తిగా మిగులులోకే చేరుతుంది.

రెండో తప్పు, రెండు క్లైంబులను పైకి చేరిన క్షణంలోనే పోల్చడం. 500 మీటర్ల నుంచి 10,000 మీటర్లకు, చివర్లో 0.9 మ్యాక్‌తో వెళ్లామనుకోండి. ఆఫ్టర్‌బర్నర్‌తో 90 సెకన్లు, 720 కిలోలు, 22 కిలోమీటర్ల దూరం. మిలిటరీ పవర్‌తో 270 సెకన్లు, 405 కిలోలు, 65 కిలోమీటర్లు. తేడా 315 కిలోలని రాసేస్తారు. కానీ మొదటి విమానం ఇంకా 43 కిలోమీటర్లు వెనకే ఉంది. ఆ దూరం కిలోమీటరుకు 3.5 కిలోల చొప్పున ఎగిరితే మరో 150 కిలోలు, 160 సెకన్లు. అంటే ఒకే చోటికి చేరేసరికి ఆఫ్టర్‌బర్నర్ ఖర్చు 870 కిలోలు, సమయం 250 సెకన్లు. 465 కిలోలు ఎక్కువ పోసి సంపాదించింది 20 సెకన్లు. దూరంగా ఉన్న చోటికి పోవడానికైతే ఇది దండగ. శత్రువు పైనే ఉండి ఎత్తే కావాల్సి వస్తే మాత్రం 315 కిలోలు ఎక్కువ పోసినందుకు మూడు నిమిషాలు ముందున్నట్టు. తిన్నగా ఎగిరే ఖర్చు ముందే కొలవమన్నది ఈ సవరణ కోసమే.

సూపర్‌సోనిక్‌గా పైకి చేరాల్సి వస్తే దారి ఇంకోలా ఉంటుంది. 0.95 నుంచి 1.1 మ్యాక్ మధ్య డ్రాగ్ గుట్టలా లేస్తుంది, అక్కడ ఎక్కుతూ దాటాలని చూస్తే ఇంధనం నీళ్లలా పోతుంది. 1954లో ఎడ్వర్డ్ రుటోవ్స్కీ వివరించిన శక్తి పద్ధతి ప్రకారం: 0.9 మ్యాక్‌తో 9,000–10,000 మీటర్ల దాకా ఎక్కండి, ముక్కును కాస్త దించి సగం జీ కన్నా తక్కువలో జారుతూ ఆ గుట్ట దాటండి, 1.2 దాటాక మళ్లీ వేగం పెంచుకుంటూ ఎక్కండి. 1975లో 30,000 మీటర్లకు 207.8 సెకన్లలో చేరిన ఎఫ్‌-15 'స్ట్రీక్ ఈగిల్' కూడా తిన్నగా నిలువునా పోలేదు, మధ్యలో వేగం కూడగట్టుకుని ఆ తర్వాతే ఎగసింది. కొన్ని కిలోమీటర్లు కిందికి జారడం మొదట్లో మనసుకు ఒప్పదు. రెండు రకాలుగా ఎగిరి అంకెలు చూస్తే ఒప్పుతుంది.

అంకెలు పట్టుకోవడం

కంటితో చదివి రాసుకోవడం కష్టం. ఎక్స్‌-ప్లేన్‌లో డేటా అవుట్‌పుట్ తెరలో కావాల్సిన వరుసలకు డిస్క్ గడి టిక్ చేస్తే ప్రోగ్రామ్ ఫోల్డర్‌లో టెక్స్ట్ ఫైల్ తయారవుతుంది. వార్ థండర్ ఆడేటప్పుడు అదే కంప్యూటర్ బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్ 8111 తెరిస్తే వేగం, ఎత్తు, ఇంధనం కనిపిస్తాయి. డీసీఎస్‌కు టాక్‌వ్యూ అనే ప్రోగ్రామ్ రికార్డింగ్ చాలు, అందులో ఎత్తు, ట్రూ ఎయిర్‌స్పీడ్ సమయంతో సహా ఉంటాయి.

ఫ్లైట్‌గేర్‌లో ఇంకో సౌకర్యం, జేఎస్‌బీసిమ్ (విమానం కదలికలు లెక్కగట్టే ప్రోగ్రామ్) ఇంజిన్ ఫైలును నేరుగా తెరిచి చూడొచ్చు. మిల్‌థ్రస్ట్, మ్యాక్స్‌థ్రస్ట్, టీఎస్‌ఎఫ్‌సీ, ఏటీఎస్‌ఎఫ్‌సీ అని నాలుగు విలువలు ఉంటాయి. మొదటి రెండూ పౌండ్ల థ్రస్ట్, తర్వాతి రెండూ ఒక్కో పౌండు థ్రస్ట్‌కు గంటకు తాగే పౌండ్లు. 15,000 × 0.8 = 12,000 అన్నది నేల మీద మిలిటరీ పవర్ ఖర్చుకు దగ్గరగా ఉండాలి. ఫైటర్ ఇంజిన్లకు మామూలుగా ఆఫ్టర్‌బర్నర్ లేకుండా 0.7–0.9, వేస్తే 2కు అటూ ఇటూ ఉంటుంది. ఏటీఎస్‌ఎఫ్‌సీ 1 దగ్గర కనిపిస్తే ఆ మోడల్ చేసినవారు పొరపాటు పడి ఉంటారు, ఇంధనం అసలు విమానం కన్నా రెండింతలసేపు వస్తుంది.

ప్రొపెల్లర్ ఫైటర్లు

వీటికి రంపపు పళ్ల పద్ధతే బాగుంటుంది, కానీ ఒక్క ఎత్తులో కొలిచి ఊరుకోకూడదు. సూపర్‌చార్జర్ (ఇంజిన్‌లోకి గాలిని కుక్కే పంపు) పూర్తి పీడనం ఇవ్వగలిగే ఎత్తు దాకా ఎక్కే రేటు దాదాపు నిలకడగా ఉండి ఆ తర్వాత పడిపోతుంది. గేరు మారగానే కాస్త కోలుకుని మళ్లీ పడుతుంది. ప్రతి 1,000 మీటర్లకు కొలిస్తేనే ఆ మలుపులు కనిపిస్తాయి. రేడియేటర్ ఫ్లాప్ ప్రతిసారీ ఒకే స్థితిలో ఉండాలి, పూర్తిగా తెరిస్తే రేటు స్పష్టంగా తగ్గుతుంది. పీ‌-51డీకి 46 అంగుళాల మానిఫోల్డ్ పీడనం (ఇంజిన్‌లోకి పోయే గాలి పీడనం), 2,700 ఆర్‌పీఎం నిరంతరం వాడొచ్చు. 61 అంగుళాలు, 3,000 ఆర్‌పీఎం పరిమిత సమయానికే. ఈ రెండింటి పరీక్షలు వేర్వేరు కాగితాల మీద ఉండాలి. ఆ విమానంలో సీటు వెనక 85 గ్యాలన్ల ట్యాంకు నిండుగా ఉంటే బరువు వెనక్కి పోయి ముక్కు నిలవదు, వేగం పట్టడం కష్టమవుతుంది. పరీక్షకు దాన్ని ఖాళీ చేసుకోండి.

స్పిట్‌ఫైర్ 9లో గేజ్ మోసం వేరే రకం. మొత్తం 85 ఇంపీరియల్ గ్యాలన్లలో పైట్యాంకు 48, కిందిది 37. గేజ్ కింది ట్యాంకును మాత్రమే, అదీ బటన్ నొక్కితేనే చూపిస్తుంది. పైట్యాంకు కిందిదాన్ని నింపుతూ ఉంటుంది కాబట్టి మొదటి 48 గ్యాలన్లు పోయేదాకా ముల్లు కదలదు. పది నిమిషాలు ఎక్కినా ఖర్చు సున్నా అని రాసుకున్నారంటే అదే కారణం. ఇంధనాన్ని 40 శాతంతో మొదలుపెడితే పైట్యాంకు ఖాళీగా ఉండి ముల్లు మొదటి నిమిషం నుంచే నిజం చెబుతుంది.